వల దాటిన పోలేరమ్మ

దొరవారిసత్రం,
ఆగస్టు 18, 2024

పిచ్చత్తా,

నాయనమ్మ ఇసక మీదకు ఎందుకు వచ్చేది కాదు?

కుశలం అడగకుండా మొదలుపెట్టానని తిట్టుకోకు. నాకు నలభై ఒక్కేళ్ళు, ఈ ప్రశ్న ముప్పై నాలుగేళ్ళుగా నాతోనే ఉంది. తెప్పలు ఒడ్డుకు చేరే వేళకు పాలెంలో ఆడవాళ్ళందరూ గంపలు పట్టుకుని ఇసక మీద ఉండేవాళ్ళు. నాయనమ్మ మాత్రం సరుగుడు కంచె దగ్గర ఆగిపోయేది. చేయి పట్టుకుని లాగితే "నాకు ఎండ పడదు మే, నువ్వు పో" అనేది. ఆ మనిషే మిట్టమధ్యాహ్నం చేలగట్ల మీద ఇందుకూరుపేట దాకా నడిచి పోయేది. నాన్నను అడిగితే "ఊరి కట్టుబాటు" అని మాట మార్చేవాడు.

ఇప్పుడెందుకు అంటావా? మన పాలెం బడి గేటు పక్కన ఒక రాయి నిలబెడుతున్నారట. యువజన సంఘం గిరిబాబు ఫోన్‌లో పంపాడు. 1971 యుద్ధకాలంలో పనిచేసిన మన ఊరివాళ్ళ పేర్లు దాని మీద చెక్కిస్తారు, డిసెంబరు పదహారున తెర తీస్తారు. ఇప్పటికి మూడు పేర్లు వచ్చాయి. సైన్యంలో ఇద్దరు, నౌకాదళం వంటశాలలో ఒకరు. "మీ ఇంట్లో ఎవరన్నా ఉంటే చెప్పక్కా, రాతి మీద ఇంటికి ఒక వరస" అన్నాడు. ఎవరూ లేరని రాయబోయి ఆగిపోయాను.

నాన్న పోయే ముందు, ఆస్పత్రి మంచం మీద, టీవీలో ఏదో యుద్ధం వార్త వస్తుంటే ఒక మాట అన్నాడు. "డెబ్భై ఒకటిలో మా నాయన కూడా ఏదో పని చేసినాడంట. నేను పదకొండేండ్లోణ్ణి, నాకెవరు చెప్తారు. అక్కకు తెలుసు." తర్వాత మందు ప్రభావంతో నిద్రపోయాడు, నేను మళ్ళీ అడగలేదు.

చెంచయ్య తాత నిజంగా ఏదైనా చేశాడా? అడిగేందుకు నువ్వొక్కదానివే మిగిలావు. ఫోన్ చేస్తే నేనేమడిగినా "ఆఁ ఆఁ, తిన్నా" అంటావు. అందుకే ఉత్తరం. అక్షరాలు పెద్దగా రాశాను.

నీ
గంగాభవాని


నడిపిపాలెం,
ఆగస్టు 30

మేనకోడలా,

నీ ఉత్తరం పెంచలకృష్ణ తెచ్చి ఇచ్చినాడు. బ్యాంకు కాయితాలు, ఆధార్ కార్డులు తప్ప చేతిరాత కవరు పంచి పదేండ్లయిందంట. "ఎవరు పెద్దమ్మా, ఈ వయసులో నీకు ఉత్తరాలు రాసేది" అని నవ్వతా పోయినాడు. నా తమ్ముడి కూతురు, కాలేజీలో చరిత్ర చెప్తది అని అరిచి చెప్పినా. చెవుడు నాకైతే అరిచేది కూడా నేనే.

మేం బాగుండాం. వేట నిషేధం అయిపోయినాక గణేష్ పడవకు కొత్త ఇంజను బిగించినాడు. నా కడుపున పుట్టినోడు గదా, ఇంజను కంటే వాడి గొంతే ఎక్కువ మోగతది. ఈ వారం కవళ్ళు బాగా పడినాయి. నువ్వుంటే పులుసు పెట్టి ఉందును. నీ మొగుడు శివకు చేప ముల్లు తీసుకోవడం ఇంకా రాలేదా?

మీ నాయనమ్మకు ఎండ పడదు. ఆమె చెప్పిందే నిజం.

మీ తాత వేటకు పోయినాడు, వచ్చినాడు. ఆ యుద్ధం అప్పుడు నాకు పదిహేనేండ్లు, ఏం గుర్తుంటది. ఆ ఏడు మా వలలు ఖాళీగా వచ్చినాయి. అంతకు మించి చెప్పేదేం లేదు.

వేళకు తిను. ఆ కాలేజీలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకోబాక.

మీ అత్త
పిచ్చమ్మ


దొరవారిసత్రం,
సెప్టెంబరు 9

అత్తా,

పదిహేనేళ్ళప్పటిది గుర్తులేదంటావు. నీ పెళ్ళికి ఎవరు ఏ రంగు చీర కట్టుకొచ్చారో ఇప్పటికీ చెప్తావు కదా?

"ఆ ఏడు మా వలలు ఖాళీగా వచ్చినాయి." ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో. మా వలలు అన్నావు, ఊరి వలలు అనలేదు. తాత లాంటి వేటగాడి వల ఒక్కటే ఖాళీగా రావడం ఏమిటి? ఆయన చేపల కోసం పోలేదు, అవునా? ఆ రోజుల్లో తీరం పొడవునా సముద్రాన్ని కనిపెట్టి ఉండమని బెస్తవాళ్ళను అడిగి ఉంటారని నా ఊహ. కాగితం లేని మాట నమ్మొద్దని పిల్లలకు ఏటేటా చెప్పేది నేనే. అయినా ఈ ఊహ మీద నాకు నమ్మకం కుదిరింది. ఇంత సులువుగా కుదరడమే నాకు అనుమానంగా కూడా ఉంది.

గిరిబాబుకు ఫోన్ చేసి తాత కోసం ఒక వరస ఉంచమన్నాను. "చెంచయ్య, 1971" అని చాలు. నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో. నువ్వు ఒక్క మాట అవునంటే రాయించేస్తాను.

శివకు ముల్లు తీసుకోవడం రాదు. వచ్చినా రానట్టే ఉంటాడు, నేను తీసి పెడతానని.

నీ
భవాని


నడిపిపాలెం,
అక్టోబరు 3

భవానీ,

రాయించొద్దు.

మా నాయన పేరు ఒక్కటే ఆ రాతి మీద చూడాల్సి వస్తే నేను ఆ బడి వైపుకే పోను. నువ్వు చదువుకున్నదానివి, నీకు కోపం వస్తే రానీ. నన్ను దీన్ని గురించి ఇంక అడగబాక.

వానలు మొదలైనాయి. గణేష్ రెండు దినాలుగా ఇంట్లోనే ఉండాడు.

పిచ్చమ్మ


దొరవారిసత్రం,
అక్టోబరు 12

అత్తా,

నీ ఉత్తరం కింద "మీ అత్త" అని లేదు. అది చూసి భయపడ్డాను, నిజంగా.

ఆ రోజే గిరిబాబుకు చెప్పాను, మా ఇంటి వరస ఏమీ రాయొద్దని. "డిసెంబరు పది దాకా చోటు ఖాళీగా ఉంచుతా, తర్వాత చెక్కేవాడు వినడు" అన్నాడు. ఉంచితే ఉంచనీ, లేకపోతే మాననీ. ఇంట్లో మనిషిని బాధపెట్టి రాతి మీద పేరు తెచ్చుకోవడం ఎందుకు?

నా తప్పు ఎక్కడో కూడా చూసుకున్నాను. నేను అడిగింది నాయనమ్మ గురించి. నువ్వు జవాబు చెప్పకపోయేసరికి తాత గురించి నాకు నేనే జవాబు చెప్పేసుకున్నాను. మగవాడి కథ దొరకగానే ఆడమనిషి ప్రశ్న పక్కన పెట్టేశాను. క్లాసులో ఏ పిల్ల అయినా ఇలా రాస్తే ఎర్ర సిరాతో గీత గీసేదాన్ని.

ఇక అడగను. కానీ ఉత్తరాలు ఆపకు అత్తా. ఇక్కడ పులికాట్ నిండుతోంది. పొద్దున కాలేజీకి పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా నీళ్ళు కనిపిస్తాయి, మనసుకు హాయిగా ఉంటుంది. పని బాగానే ఉంది, ఇల్లు బాగానే ఉంది. నీ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం శివ కూడా "అత్త ఏం రాసింది" అని వంటింట్లోకి వస్తాడు. ఊరికే వాన గురించి రాసినా సరే.

నీ
భవాని


నడిపిపాలెం,
నవంబరు 4

మేనకోడలా,

ఇది మూడు దినాలుగా రాస్తా ఉండా. ఐదో క్లాసు చదువుకు ఇంత పెద్ద ఉత్తరం ఎక్కువ. తప్పులుంటే దిద్దుకో, నాకు పంపబాక.

నువ్వు అడగను అన్నావు చూడు, అందుకే చెప్తా ఉండా.

ఆ ఏడు కార్తీకంలో ఇందుకూరుపేటలో ఒక ఆఫీసరు దిగినాడు. మన పాలెంలో ఒక్క మనిషి తెప్ప మీద ఓడలు పోయే అంత దూరం పోయేది మా నాయన ఒక్కడే. ఆయన్ను పిలిపించినాడు. అందరికంటే అవతలికి పో, వచ్చే ఓడలు పోయే ఓడలు చూసి నాకు తెలియజెయ్యి, ఈ సంగతి బయట పడకూడదు, నేను తిరిగి వచ్చి చెప్పిందాకా నోరు తెరవబాక అన్నాడు. నాయన సరే అన్నాడు. ఒక్క మా అమ్మకు చెప్పుకుంటానని అడిగి చెప్పినాడు. చెప్పకపోతే పని జరగదు. వేట నుంచి వచ్చిన మగోడు దినం తప్పించి దినం ఇందుకూరుపేటకు నడిచి పోతే ఊరు ఊరుకుంటదా? గంప ఎత్తుకున్న ఆడదైతే యాడికి పోయినా ఎవరూ అడగరు.

ఇద్దరికీ అక్షరం రాదు. అందుకని నాయన వల అల్లే దారం ముక్క ఒకటి వల అంచు తాడుకు కట్టుకుని పోయేవాడు. ఓడ కనపడితే ఒక ముడి. ఉత్తరానికి పోతే జంట ముడి, దక్షిణానికి పోతే ఒంటి ముడి. గోచి మీద ఉండే మనిషికి దాచుకునే జేబు యాడుంది, వలకే కట్టేది. ఒడ్డుకొచ్చినాక ఆ దారం అమ్మ గంపలో ఉప్పు చేపల అడుక్కు పోయేది. ఆ ఉప్పు చేపలు కూడా మనవి కాదు, పక్క పాలెంలో కొన్నవి.

చూపు ఓడల మీద ఉంటే వలేసేది ఎట్టా? వల నీళ్ళలో ముంచి, తడిపి తెచ్చేవాడు. అందరి తెప్పల్లో చేప, మా తెప్పలో తడి వల. పది దినాలు, ఇరవై దినాలు అట్టనే.

మనోళ్ళ సంగతి నీకు తెలుసు గదా. వల అన్ని దినాలు ఖాళీగా వస్తే మగోణ్ణి ఎవరూ ఏమనరు. ఇంట్లో ఆడది ఏం తప్పు చేసిందా అని చూస్తారు. ముట్టుతో వల తాకిందా, వల దాటిందా అని. ఇప్పుడు మా కోడలు గణేష్ వల మీద కూర్చుని ఫోను చూసుకుంటది, ఎవరూ పలకరు. అప్పుడు అట్ట కాదు.

ఒక దినం నాయన ఎవరిదో తెప్ప లాగను సాయం పోయినాడు. మా వల ఇసక మీద పరిచి ఉండాది. అమ్మకు ఇందుకూరుపేటకు పొద్దుపోతా ఉండాది. దారం వలకు ఆ పక్క అంచున ఉండాది. చుట్టూ తిరిగి పోవాలంటే అందరి ముందరా పోవాల. ఒక్కసారి అటూ ఇటూ చూసి, చీర పైకి పట్టుకుని వల దాటింది. వొంగి ఏదో తీసుకునింది. మళ్ళీ దాటి వచ్చేసింది.

చూసింది నేను.

ఆ సాయంత్రం మా అవ్వ, నాయనకు అమ్మ, నన్ను దగ్గరికి పిలిచి "మీ అమ్మ ఏమన్నా చేసిందా మే, చూసినావా" అనింది. "చూసినానవ్వా. వల దాటింది. రెండు తడవలు" అన్నా.

అమ్మ మీద కోపం లేదు నాకు. ఆకలి. తమ్ముడు చేప కావాలని దినామూ ఏడ్చేవాడు. నేను చెప్తే వల నిండతదని అనుకున్నా. అంతే.

పాలెంలో తీర్పు చెప్పే పెద్దలు, కాపులు, కూర్చున్నారు. అమ్మను నిలబెట్టి "పోలేరమ్మా, వల దాటినావా?" అన్నారు. "దాటినా" అనింది. "ఎందుకు?" అన్నారు. పలకలా. నాయన పక్కనే ఉండాడు. ఆయనా పలకలా. కింద ఇసక చూస్తా నిలబడినాడు. వల నిండిందాకా ఆమె ఇసక తొక్కకూడదని తీర్పు చెప్పినారు.

తరవాత ఎక్కువ దినాలు కాలా, యుద్ధం అయిపోయింది. ఆఫీసరు చెప్పకుండానే వెళ్ళిపోయినాడు. నాయన మళ్ళీ వల వేసినాడు. మొదటి దినమే తెప్ప మునిగేంత కవళ్ళు. ఊరు ఏమనుకునిందో నువ్వే చెప్పు. చూసినారా, పోలేరమ్మ ఇసక తొక్కడం మానింది, గంగమ్మ చల్లబడింది అనుకునింది. తీర్పు సరైందని చేపలే చెప్పినాయి. ఇంక ఆమెను రమ్మనేది ఎవరు? ముప్పై ఎనిమిదేండ్లు బతికింది ఆ తరవాత. ఇసక మీద కాలు పెట్టలా.

ఇదంతా నాకు నాయన పోయినాక, పదోనాడు అమ్మ చెప్పింది. "నేనే గదమ్మా అవ్వకు చెప్పింది" అని ఏడ్చినా. "నువ్వు చూసింది చెప్పినావు. అబద్ధం చెప్పలేదు గదా" అని నా తల దువ్వింది. ఇంకో మాట కూడా అనింది. యుద్ధం అయినాక ఆమె నాయన్ను అడిగిందంట, ఇంక చెప్పొచ్చు గదా అని. "ఆయన వచ్చి చెప్పిందాకా అన్నాడు, ఆయన రాలేదే" అన్నాడంట నాయన.

అమ్మ పోయి పదిహేనేండ్లు. నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలా. నాయన కథ చెప్పాలంటే అమ్మ కథ చెప్పాల. అమ్మ కథ చెప్పాలంటే నేను ఏం చేసినానో చెప్పాల. ఆ రాతి మీద నాయన పేరు ఒక్కటే పెట్టి చప్పట్లు కొడతా ఉంటే నేను యాడ కూర్చుని చూసేది?

ఇప్పుడు చెప్పు, నీకు నేనెట్ట కనపడతా ఉండా?

మీ అత్త


దొరవారిసత్రం,
నవంబరు 11

అత్తా,

నాకు నువ్వు ఆకలితో ఉన్న పదిహేనేళ్ళ పిల్లలా కనపడుతున్నావు. తమ్ముడి కోసం నిజం చెప్పిన అక్కలా కనపడుతున్నావు. ఆ తమ్ముడు మా నాన్న. ఇంతకంటే వేరే ఏం కనపడాలి?

ఉత్తరం శివకు కూడా చదివి వినిపించాను. ముందే అడగాల్సింది, క్షమించు. సగం నుంచి తను తీసుకుని చదివాడు. నీ రాత చాలా బాగుందన్నాడు, దిద్దడానికి ఏమీ లేదన్నాడు.

నాయనమ్మ గురించి నాకు గుర్తున్నదంతా తిరగేసి చూశాను. దిగులు పడిన మనిషిగా ఎంత వెదికినా దొరకలేదు. చేలగట్ల మీద ఆమెకు ప్రతి బావి దగ్గరా ఒక స్నేహితురాలు. రైతుల ఇళ్ళలో అరుగుల మీద కూర్చుని వాళ్ళ కోడళ్ళ పంచాయితీలు తీర్చేది. వచ్చేటప్పుడు గంపలో వంకాయలు, ములక్కాడలు, ఒకసారి కుక్కపిల్ల. "సముద్రం మీ తాతకు, భూమి నాకు" అని నవ్వేది. అది పంపకం అనుకున్నాను నేను. శిక్ష అని తెలియదు. ఆమె దాన్ని శిక్షలా బతకలేదేమో. లేక నా మనసు తేలిక కోసం ఇలా అనుకుంటున్నానా? ఇది నా పాత జబ్బు, ఏ మాట రాసినా వెనకే ఇంకో మాట వస్తుంది.

ఇంకొకటి గుర్తొచ్చింది. తాత తెప్ప దిగగానే చేపల గంప తనే నెత్తిన పెట్టుకుని ఇంటిదాకా మోసుకొచ్చేవాడు, నీకు గుర్తుందా? పాలెంలో ఏ మగవాడూ గంప నెత్తికెత్తుకోడు కదా. ఒడ్డున ఉన్నవాళ్ళు "చెంచయ్యకు చీర కూడా కట్టండిరా" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన తల తిప్పేవాడు కాదు. నాకు పదకొండేళ్ళు వచ్చేదాకా, ఆయన పోయేదాకా, రోజూ అదే. నేను ఆయన వెనకే నడిచేదాన్ని, గంపలోంచి నీళ్ళు ఆయన వీపు మీద కారుతుండేవి. నాయనమ్మ కంచె దగ్గర ఎదురొచ్చి గంప దించుకునేది.

ఆయన మీద నాకు కోపం వస్తోంది. ఆ గంప గుర్తొస్తే ఆ కోపం నిలవడం లేదు.

రాయి సంగతి వదిలెయ్. చెప్పాలా వద్దా అన్నది నీది, నాది కాదు. నువ్వు ఈ ఉత్తరంతో ఆగిపోయినా నాకు చాలు. నా ప్రశ్నకు జవాబు వచ్చేసింది.

నీ
భవాని


నడిపిపాలెం,
డిసెంబరు 1

మేనకోడలా,

చెప్పేసినా.

నీ ఉత్తరం వచ్చినాక వారం పైగా ఆలోచించినా. నాకూ అరవై ఎనిమిది వచ్చినాయి, ఇంక ఎప్పుడు చెప్తా అనిపించింది. పోయిన ఆదివారం గిరిబాబు రాయి గురించి బడి వరండాలో అందరినీ పిలిస్తే పోయినా. గణేష్‌కు ముందు రాత్రే చెప్పినా. వాడు "అమ్మా, నువ్వు చెప్పేటప్పుడు నేను పక్కన నిలబడతా, కానీ మాట్లాడను, మాట్లాడితే ఎవరినన్నా కొడతా" అన్నాడు.

పెద్దకాపు వెంకయ్య మామ వచ్చి ఉండాడు. ఎనభై ఆరేండ్లు. ఆ దినం తీర్పు చెప్పినోళ్ళలో బతికుండేది ఆయన ఒక్కడే, అప్పుడు కుర్ర కాపు. ఆయనకు నాకంటే చెవుడు. నేను ఆయన దగ్గర కూర్చుని మెల్లగా చెబుదామని పోయినా. "ఏందీ" అన్నాడు. కొంచెం గట్టిగా చెప్పినా. "ఏందమ్మే, ఎవరు దాటింది" అన్నాడు. ఇంక నేను అరిచినా, ఆయన అరిచినాడు. యాభై మూడేండ్లు దాచిన రహస్యం ఆ వరండాలో చిన్నపిల్లోళ్ళతో సహా అందరూ విన్నారు. రోడ్డు మీద ఐస్ బండి కూడా ఆగింది.

ఓడలు, ముడులు, వల దాటింది, నేను అవ్వకు చెప్పింది, అన్నీ చెప్పినా. గణేష్ నా భుజం పట్టుకున్నాడు.

వెంకయ్య మామ "ఆయమ్మ మళ్ళీ ఇసక మీదకు వచ్చిందా?" అన్నాడు.

"రాలేదు మామా."

"మేం రమ్మని చెప్పలేదా?"

"చెప్పలేదు మామా."

"మరిచిపోయినాం" అన్నాడు. "వల నిండిందాకా అన్నాం. వల నిండినాక రమ్మని చెప్పడం మరిచిపోయినాం." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ముసలోడి కళ్ళు ఊరికే కూడా నీళ్ళు కారతాయిలే. కానీ అవి అట్టాంటివి కాదు.

గిరిబాబు పాపం మంచోడు. "పెద్దమ్మా, నేను నమ్ముతా, కానీ రేపు ఎవరన్నా అడిగితే చూపించను ఏదన్నా ఆధారం ఉండాది?" అన్నాడు. నేను లేదన్నా. వెంకయ్య మామకు ఆ మాట మటుకు బాగా వినపడింది. "చెంచయ్య అన్ని దినాలు తడి వల తెచ్చింది ఊరంతా చూసినాం. వాడు వల వేస్తే చేప పడకుండా పోయింది ఎప్పుడన్నా ఉండాదా? ఇంకేం కాయితం కావాల్రా నీకు, రాసెయ్యి" అన్నాడు.

అయిపోయింది. ఎవరూ నన్ను ఏమనలా. వచ్చేటప్పుడు ఇద్దరు ముగ్గురు ఆడోళ్ళు మా ఇంటిదాకా నాతో నడిచినారు. ఒకామె, "మా అత్త కూడా పోలేరమ్మ వదిన ఇంటికి పోబాక అనేదంట అప్పట్లో" అని చెప్పి తల వంచుకునింది. కాఫీ పెట్టి ఇచ్చినా. ఆ మధ్యాన్నం ఎప్పుడూ లేంది రెండు ముద్దలు ఎక్కువ తిన్నా. మా కోడలు భయపడింది.

ఇప్పుడు పని నీది. ఇంటికి ఒక వరస, పదో తారీకు లోపల రాసి పంపాలంట. నన్నడిగితే అమ్మ పేరు ఒక్కటే రాయి. నాయన్ను నేను ప్రేమించినా, ఇప్పటికీ ప్రేమిస్తా. కానీ ఆ దినం ఆయన ఇసక చూస్తా నిలబడింది నేను చూసినా గదా. నువ్వు చూడలేదు. చూడనోళ్ళు రాస్తేనే సరిగా ఉంటదేమో. నువ్వు ఏం రాసినా నేను పదహారో తారీకు పోయి ముందర వరసలో కూర్చుంటా. కొత్త చీర కూడా తీసినా.

మీ అత్త
పిచ్చమ్మ


దొరవారిసత్రం,
డిసెంబరు 8

అత్తా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, ఏడ్చాను, మళ్ళీ ఐస్ బండి దగ్గర నవ్వాను. శివ సెలవు పెట్టాడు. పదిహేనో తారీకు సాయంత్రానికి ఇద్దరం వస్తాం. కవళ్ళు దొరికితే పులుసు పెట్టు. ముల్లు నేను తీస్తానులే.

నీ గురించి ముందు చెప్పనీ. వరండాలో అందరి ముందూ నువ్వు అరిచిన ఆ మాటలు, నేను ఇరవై ఏళ్ళుగా పాఠం చెప్తున్న ఏ పుస్తకంలోనూ లేవు. నీకు ఆ రోజు నుంచి గుండె తేలికైందని నీ అక్షరాలే చెప్తున్నాయి, వరసలు కూడా వంకర పోలేదు. నాకు అది చాలు. నిజంగా సంతోషంగా ఉన్నాను.

వరస నిన్న పంపాను. మూడు రోజులు పట్టింది ఆ రెండు పేర్లకు. ముందు నువ్వన్నట్టే నాయనమ్మ పేరొక్కటే రాశాను. రాసి చూస్తే, ఆమె గంప దించుకోవడానికి ఎవరికి ఎదురొచ్చేదో ఆ మనిషిని నేను చెరిపేసినట్టు అనిపించింది. తర్వాత తాత పేరు ముందు పెట్టి రాశాను. అది చదివితే, ఎప్పటిలాగే ఆమె వెనక నిలబడినట్టు ఉంది. చివరికి "పోలేరమ్మ, చెంచయ్య, 1971" అని పంపాను. గిరిబాబు ఫోన్ చేసి "అక్కా, పేర్లు తారుమారు అయినాయా" అన్నాడు. కాలేదు తమ్ముడూ, అలాగే చెక్కించు అన్నాను.

ఆ ముడులు ఎవరికి ఉపయోగపడ్డాయో, అసలు ఉపయోగపడ్డాయో లేదో మనకు తెలియదు. ఆ ఆఫీసరు ఎందుకు తిరిగి రాలేదో, చెప్పేవాళ్ళు లేరు. వాటితో నాకు పేచీ లేదు. తెలియనివి తెలియనట్టే ఉంచడం నా ఉద్యోగం.

తాత దగ్గరే ఆగిపోతున్నాను. ఆయన చదువు లేని మనిషి, ఇచ్చిన మాటను అక్షరాలా పట్టుకున్నాడని ఒక పూట అనిపిస్తుంది. వచ్చి చెప్పేదాకా అన్నారు, రాలేదు, కాబట్టి చెప్పలేదు. అలాంటి మనుషులు ఉంటారు, నేను చూశాను. ఇంకో పూట, వలలు నిండాయి, ఊళ్ళో పరువు తిరిగొచ్చింది, ఇప్పుడు నోరు విప్పితే కాపుల తీర్పును తప్పుపట్టాలి, అందుకే ఆ మాట వెనక ఉండిపోయాడని అనిపిస్తుంది. అప్పుడు ఆ గంప మోయడం ప్రేమా, అపరాధమా అన్నది కూడా తేలదు. నాయనమ్మకు తెలిసి ఉంటుంది. ఆమె నీకు చెప్పలేదు, నువ్వు అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది అని కూడా నేను అనను.

పదహారున ఆ రాయి ముందు నీ పక్కన కూర్చుంటాను. తెర తీసినప్పుడు అందరితో పాటు నేనూ చప్పట్లు కొడతాను. ఆయన పేరుకు కొట్టాలా వద్దా అన్నది మాత్రం, అత్తా, ఈ ఉత్తరం ముగించేటప్పటికి కూడా నాకు తేలలేదు.

నీ
భవాని